అర గిగాబైటు అబద్ధం

నేను ప్లగ్గు పీకలేదు. ముందు ఆ సంగతి చెప్పాకే శోభ గురించి చెబుతాను. నా మాటను నమ్మిన మొదటి మనిషి ఆమే.

నా పేరు సదానందం. గోదావరిఖనిలో సర్దారుగా, కూలీల భద్రత చూసుకుంటూ ఇరవై ఆరేళ్లు బొగ్గుగని దిగాను. మోకాలు దెబ్బతిన్నాక పైన గ్యాసు గదిలో కూర్చోబెట్టారు. గనిలో గ్యాసు ఎంతుందో చూపించి, రాసిపెట్టుకునే పెట్టె ఒకటి అక్కడ ఉంటుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం అది ఆరిపోయి, దానంతటదే మళ్లీ లేచింది. పదకొండు నిమిషాల రీడింగులు గల్లంతు. గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. ఫోను ఛార్జింగుకు నేనే దాన్ని పీకానని ఛార్జిషీటు ఇచ్చారు. కింద నూట నలభై మంది ఉండగానట! ఉద్యోగం పోతే పోయింది, ఆ మాట పడి బతకడమెలా?

శోభది కమాన్‌పూర్. వాళ్ల చేను ఓపెన్‌కాస్టు గని కిందికి పోయాక పాలిటెక్నిక్‌లో చేరింది. పద్నాలుగేళ్లుగా మా వర్క్‌షాపులో కాంట్రాక్టు మీద ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేస్తోంది. నోరు గట్టిది. "ఏయ్" అని పిలిస్తే పానా చూపిస్తుంది. సంగతి తెలిసిన రోజే నా దగ్గరికొచ్చింది.

"కాకా, పీకినవా, లేదా? ఒక్కటే మాట చెప్పు."

"పీకలే బిడ్డా."

"అయితే పెట్టెనే అబద్ధమాడుతున్నది."

నిరుడు వానాకాలం పెట్టెలోకి నీళ్లు దిగితే, అమ్మినవాళ్లు కొత్త బోర్డులు రెండు పంపారు. ఒకటి పెట్టెలో బిగించారు, రెండోది స్టోరులో ఉంది. గ్యారంటీ ఉంది, దాని సీలు తెంపొద్దని సూపర్‌వైజరు హెచ్చరించాడు. శోభ తెంపింది.

నాలుగో రోజు నన్ను పిలిచి చూపించింది. కరెంటు రాగానే ముందు లేచేది బూట్‌లోడరనే చిన్న ప్రోగ్రామట. బోర్డు మీద ఏమేమున్నాయో, మెమరీ ఎంతుందో చెప్పే జాబితా ఒకటి అసలు ప్రోగ్రాముకు అదే అందిస్తుందట. ఆ జాబితా పేరు డివైస్ ట్రీ.

"బోర్డు మీదున్నది అర జీబీ కాకా. జాబితాల ఒక జీబీ అని ఉన్నది. ఎద్దు ఈనిందంటే కొట్టంల కట్టెయ్యమన్నట్టు, ప్రోగ్రాం నమ్ముతది. పని ఎక్కువైనప్పుడు లేని జాగల రాయబోయి, ఉన్నదాన్నే ఖరాబ్ చేసుకొని కూలవడ్తది."

"మరి జాబితా దిద్దరాదు?"

"దిద్దలేదనుకున్నవా? మూడుసార్లు దిద్దిన! ప్రతిసారి లేచేటాలకు మళ్ల ఒక జీబీనే. ఆఖరికి దొరికిండు దొంగ. బూట్‌లోడర్‌ల పాత బోర్డుకున్న ఒక జీబీ లెక్కనే ఉన్నది. నేను రాసింది తుడిచి, దానిది రాసి ఇస్తున్నది!"

"నా సంజాయిషీకి గూడ గదే గతైంది బిడ్డా," అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. నెల రోజుల్లో నేను నవ్వింది అప్పుడే.

విచారణ రోజు శోభను సాక్షిగా పిలిపించాను. బోర్డు అమ్మిన కంపెనీ ఇంజనీరు మడత నలగని చొక్కాతో వచ్చి, తమ బోర్డులో లోపమే లేదని, మనిషే ప్లగ్గు తీశాడని చెప్పాడు. నా ఒళ్లు మండిపోయింది. శోభ స్టోరు బోర్డుకు తెర తగిలించి బల్ల మీద పెట్టి, విచారణాధికారి రఘుపతి వైపు తిరిగింది.

"సార్, ప్లగ్గు మీరే పట్టుకోండ్రి."

"నేనా?"

"అవు సార్. గట్టిగ పట్టుకోండ్రి. నేను దూరం నిలవడ్త, కాక గూడ గోడకు నిలవడ్తడు."

పాపం, రఘుపతి సారు కుర్చీలోంచి వంగి ప్లగ్గును గోడకు అదిమిపట్టాడు. శోభ ముందే పెట్టుకున్న పరీక్ష ప్రోగ్రాం మెమరీని నింపుకుంటూ పోయింది. మూడు నిమిషాలు దాటాయి. తెర నల్లబడింది. మళ్లీ వెలిగింది. సారు చెయ్యి ప్లగ్గు మీదే ఉంది.

"మీరు పీకిండ్రా సార్?" అంది శోభ.

రఘుపతి సారు రుమాలుతో మెడ తుడుచుకుని, "సరేనమ్మా, అది బాగుచెయ్యి. మరమ్మతు రిపోర్టులో కరెంటు అంతరాయమని రాయి. సదానందాన్ని హెచ్చరించి వదిలేద్దాం," అన్నాడు.

"హెచ్చరిక దేనికి సార్? ఏం చేసిన్నని?" అని అరిచాను.

"కింద మనుషులున్నరు, బాగుచేసుడు ఇయ్యాల్నే చేస్త," అంది శోభ. "కరెంటు అంతరాయమని మాత్రం రాయ. మెమరీ అర జీబీ, బూట్‌లోడర్ చెప్పింది ఒక జీబీ, సదానందం ప్లగ్గు తియ్యలే. ఇదే రాస్త. కాదంటే మీరే రాసి మీ సంతకం పెట్టుకోండ్రి."

చివరికి ఆమె చెప్పిందే రిపోర్టులోకెక్కింది. ఆ సాయంత్రమే బూట్‌లోడరు దిద్ది, గ్యాసు పెట్టెలో ఎక్కించింది. అక్కడే నిలబడి చూశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గెందుకు చెప్పడానికి!

మర్నాడు శోభకు మెమో వచ్చింది: అనుమతి లేకుండా సీలు తెంపినందుకు సంజాయిషీ ఇవ్వాలి, వారం గడువు. "కాంట్రాక్టు తీసేస్తరేమో కాకా," అంది. మెమోను మడిచింది, మళ్లీ విప్పింది.

"తియ్యనీ చూద్దాం. ముందు జవాబు రాయి. సాక్షి కాడ నా పేరు పెట్టు," అన్నాను.