సూది వేయని డాక్టరమ్మ

మా ఆయన వరసగా రెండు పూటలు నన్ను ఒక్క మాట కూడా అనకపోయేసరికి, నేను చచ్చిపోతున్నానని నాకు అనుమానం వచ్చింది.

ఎనభైల్లో మాట. మాది చిలకలూరిపేటకు దగ్గర్లో మిరప, పత్తి వేసే ఊరు. ఐదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసి, మిగతా చదువంతా కల్లంలో తాలు మిరపకాయలు ఏరుతూ, పక్కవాళ్ళ సంసారాలు వింటూ పూర్తి చేశాను. నాకు ముట్లుడిగి ఏడాది దాటింది. పీడా పోయిందిరా అనుకుంటే కొత్తవి పట్టుకున్నాయి. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి పట్టినట్టు చెమటలు. మిరప ఘాటేమో అనుకున్నాను. పత్తి చేలోనూ పట్టాయి. కూర్చున్నచోటే గుండె దడదడలాడేది. దానికి తోడు ఏడుపొకటి. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఏడ్చాను, మర్నాడు సరిపోయిందనీ ఏడ్చాను. ఊళ్ళో అందర్నీ ఏడిపించేదాన్ని నేనే ఏడుస్తుంటే చూడలేక మా ఆయన పేటలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆవిడ నా ఛాతీకి వైర్లు తగిలించి గీతల కాయితం తీసింది.

"గుండె బాగానే ఉందమ్మా. ముట్లు ఆగిపోయాక మాత్రం దాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండాలి. రోజూ పొద్దున్నే చేతులూపుకుంటూ గబగబా నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత ఆయాసం చాలు. గుండెకీ మంచిది, ఈ దిగులుకీ మంచిది."

"నేను చేలో రోజూ తిరుగుతూనే ఉంటానండీ."

"అది వంగడం, లేవడం, ఆగడం. ఇది ఆగకుండా నడవడం."

"మరి సూది?"

"అక్కర్లేదు."

"పోనీ ఎర్ర టానిక్కు?"

"నడకేనమ్మా మందు."

మా వైపు సూది వేయని డాక్టరును ఎవరు నమ్ముతారు? జ్వరానికో సూది, నడుం నొప్పికో సూది, ఏ రోగమూ లేకపోతే బలానికో సూది. సూదీ మందూ లేకుండా డాక్టరు ఇంటికి పంపేసింది నాకు తెలిసి ఒక్క మా మామగారినే. "ఆయనకి ఏది ఇష్టమైతే అది పెట్టండి" అని చెప్పి పంపారు. వారం తిరక్కుండా ఆయన పోయారు.

బయటికొచ్చాక మా ఆయన, "గొడుగు మర్చిపోయానే" అంటూ మళ్ళీ లోపలికెళ్ళాడు. ఎంతసేపటికో వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో గొడుగూ లేదు. అసలు ఆ రోజు మేం గొడుగే తీసుకెళ్ళలేదు.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అడిగాడు. "నీకేం తినాలనుందే?"

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట అడగని మనిషి! "ఏమీ లేదు" అని వంటింట్లోకి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడ్డాను.

మర్నాడు తెల్లవారగానే నడక మొదలుపెట్టాను. నమ్మకం కుదిరి కాదు. ఎక్కడ పడిపోతానో చూద్దామని. మా ఊళ్ళో ఆడది ఉత్త చేతులతో రోడ్డు మీద గబగబా పోతే, ఏదో కొంప మునిగిందనే లెక్క. అందుకని ఖాళీ క్యారేజీ ఒకటి చేత పట్టుకున్నాను. అయినా పక్కింటావిడ వదల్లేదు.

"ఏం వదినా, పొద్దున్నే ఆ పరుగేంటి? అన్నయ్యతో గొడవపడి పుట్టింటికా?"

"పుట్టింటికైతే క్యారేజీతో ఎందుకే పోతాను? మీ అన్నయ్య పడుకున్న మంచం మోసుకుపోనూ!"

ఆవిడ నవ్వలేదు. నా వెనక్కి చూసింది. నేనూ తిరిగి చూశాను. తలకి తువ్వాలు చుట్టుకుని మా ఆయన, చేనేదో చూడ్డానికి పోతున్నట్టు దిక్కులు చూస్తూ వస్తున్నాడు. మా చేను రెండో వైపుంది. పడిపోతే మోసుకెళ్ళడానికి వస్తున్నాడన్నమాట!

అలా రోజూ నేను ముందు, ఆయన వెనక. పడిపోలేదు. కొన్నాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం మొదలైంది. దాన్నీ నమ్మలేదు. ఏడుపు తగ్గింది, దాన్నీ నమ్మలేదు. ఆయన తిట్టనంతకాలం నేనేదీ నమ్మదలచుకోలేదు.

చివరికి ఒకరోజు కాలవ తూము దగ్గర గిరుక్కున వెనక్కి తిరిగాను.

"ఏమయ్యా, గొడుగు దొరికిందా?"

ఆయన రొప్పుతూ ఆగిపోయాడు. "ఏ గొడుగే?"

"డాక్టరమ్మ ఎన్నాళ్ళంది?"

"దేనికి?"

"నేను పోవడానికి!"

ఆయన తూము గట్టు మీద కూలబడ్డాడు. "ఎన్నాళ్ళనీ అన్లేదే. నిజం చెప్పండమ్మా అని ఎంత అడిగినా, 'మీ ఆవిడ మనసు కష్టపెట్టకండి, నడవనివ్వండి' అందంతే. సూదన్నా వెయ్యకుండా అంతేనంటే... మా నాన్నకీ అలాగే చెప్పారు కదే." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళు కూడా.

నాకు తిక్క రేగింది. "ఆవిడ బాగుందంటే నువ్వు నన్ను పాడెక్కించావా? పైగా ఏం తింటావని అడుగుతావా?" అని ఇంటిదారంతా తిట్టుకుంటూ నడిచాను, ఒక్క అడుగూ తగ్గించకుండా. వెనకాల ఆయనకి ఊపిరాడితేగా!

"ఒసే, మెల్లిగా నడవ్వే, ఆయాసమొస్తోంది."

"పేటకి పద, నీకు సూది వేయిస్తాను."

"నోరు మూసుకుని నడవ్వే, ముండా!"

తిట్టాడు! ఛాతీ మీద నుంచి మిరప బస్తా దించినట్టైంది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, "ఇదేం పప్పే, ఇంత ఉప్పేశావు" అని ఊరంతా వినపడేలా అరిచాడు.

నేను ఏడవలేదు.