కుడి చెంప మీద ఎండ

ఎడమ పక్కనుంచి చూసినవాళ్లు ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయంటారు. కుడి పక్కనుంచి చూసినవాళ్లు యాభై దాటాయంటారు. బస్సు డిపోలో ఆమెకు తగిలించిన పేరు ‘రెండ్రంగులు’. మొదట ఎవడన్నాడో ఎవరికీ గుర్తులేదు గానీ అనడం మాత్రం అందరికీ వచ్చు. ఎదురుపడితే ‘డ్రైవరమ్మా’ అంటారు. నాలుగడుగులు వేయగానే వెనకాల రెండ్రంగులు మొదలు.

ఎండలు ముదిరాయంటే చాలు, ముఖాన్ని కాపాడుకోవడం ఎలాగో పత్రికల్లో చెప్పేవాళ్లు పుట్టగొడుగుల్లా లేస్తారు. మిట్టమధ్యాహ్నం గడప దాటకండి, రెండు గంటలకోసారి క్రీము రాయండి, కళ్ల మీద కీరా ముక్కలు పెట్టుకుని కాసేపు పడుకోండి. ఎవరికండీ ఈ మాటలు? బస్సు నడిపే మనిషి కళ్ల మీద కీరా ముక్కలు పెట్టుకుంటే వెనకాల కూర్చున్న యాభైమంది గతేమిటి? గడప దాటొద్దని రాసిన ఆ పెద్దమనిషి తాను గడప దాటాల్సి వచ్చినప్పుడు ఎక్కేది ఈమె నడిపే బస్సే.

ఆమె నడిపేది ఉత్తరం రూటు. డ్రైవరు సీటు కుడివైపు. పొద్దున ఉత్తరానికి బయలుదేరితే తూర్పు ఎండ కుడి కిటికీలోంచి వచ్చి చెంప మీద కూర్చుంటుంది. సాయంత్రం దక్షిణానికి తిరిగొచ్చేటప్పుడు పడమటి ఎండ మళ్లీ అదే కిటికీలోంచి, అదే చెంప మీదికి. దారిలో మలుపు లేదు, చెట్టు లేదు. దక్షిణం రూటు దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఎండంతా ప్రయాణికుల వైపు, డ్రైవరు హాయిగా నీడలో. మిగతావన్నీ ఊళ్లో తిరిగే బస్సులు, గంటకు పది మలుపులు, ఎండ ఒకచోట నిలవదు. అందుకే డిపోలో ఉత్తరం రూటును ఎండ రూటంటారు, దక్షిణం రూటును నీడ రూటంటారు. ఉద్యోగంలో చేరిన రోజే ఎండ రూటు తాళం ఆమె చేతిలో పెట్టారు. కొత్తగా వచ్చింది, పైగా ఆడది. ఇక ఆలోచించాల్సిన పనేముంది?

ఈ వేసవి మొదట్లో కుడి చెంప ఎముక మీద గరుకు మచ్చ ఒకటి లేచింది. గోకితే పొట్టు రాలుతుంది, రాలినచోట మళ్లీ గట్టిపడుతుంది. అత్తగారు కలబంద గుజ్జు పూసింది, పెరుగు పూసింది, చివరికి విసుగొచ్చి, “నా వంటగదంతా నీ మొహానికే పోస్తున్నాను, ఇది నా వల్ల తగ్గేది కాదమ్మా, డాక్టరు దగ్గరికి నడు” అంది.

చర్మం డాక్టరు మచ్చను భూతద్దంతో చూసింది.

“ఇవాళ్టికి భయపడాల్సింది కాదు. కానీ ఈ చెంప మీద ఎండ ఇలాగే పడుతూ ఉంటే ఇది చెడ్డ పుండుగా మారొచ్చు. అప్పుడు కోసి తీయాల్సి వస్తుంది.”

“క్రీము రాస్తే?”

“రాయాలి. కానీ క్రీముకు తోడు నీడ కావాలి. ఆ చెంపను ఎండలో పెట్టకు.”

చెంపను ఇంట్లో పెట్టి బస్సు నడపడం ఎలాగో డాక్టరు చెప్పలేదు.

ఆమె చేయనిదంటూ లేదు. క్రీము రాసుకుంటే ఇంజను సెగకు చెమట పట్టి కళ్లలోకి కారింది. రోడ్డు మసకేసింది, పక్కకు ఆపి కళ్లు కడుక్కుంటే, “డ్రైవరమ్మ మేకప్పు అయ్యేదాకా బస్సు కదలదంట!” అని వెనక సీటు నుంచి ఒకడు కూశాడు. కిటికీకి తెర కడితే పక్క అద్దం కనపడలేదు. అది తప్పేనని ఆమే విప్పేసింది. ముఖానికి గుడ్డ చుట్టుకుంటే ఎదురుగా బిగించిన కెమెరా గోల పెట్టింది. డ్రైవరు కునుకు తీస్తే పట్టుకోవడానికి పెట్టిన కెమెరా అది. ముక్కూ మూతీ కనపడకపోతే ఈ మనిషి నిద్రపోతున్నట్టే లెక్క దానికి. ప్రయాణికులు హడలిపోయారు, ఆఫీసు నుంచి ఫోను మోగింది, గుడ్డ ఊడింది.

ఆ రాత్రి అన్నం దగ్గర మొగుడి మీద విరుచుకుపడింది. అతను వెల్డింగు పని చేస్తాడు.

“నీ మొహానికి రేకు అడ్డం పెట్టి పని చేయమంటారు. నా మొహానికి కెమెరా పెట్టి చేయమంటారు. ఏం, నాది తోలు కాదా?”

“నన్నంటావేంటే? నేనా పెట్టింది?”

“ఇంకెవరినంటాను? దొరికింది నువ్వే.”

“రేపు వెళ్లి వాళ్లను అను. నన్ను అన్నం తిననియ్యి.”

వెళ్లి అడిగింది. డిపో ఇన్‌ఛార్జి టేబుల్ ఫ్యాను తన వైపు తిప్పుకుని కూర్చుని ఉన్నాడు.

“నీడ రూటివ్వండి సార్. ఊళ్లో బస్సయినా సరే.”

“అందరూ నీడే కావాలంటే బస్సులు రాత్రుళ్లు నడపాలమ్మా. నీడ రూటు మీసాలాయనది. ఆయన్నడుగు, ఇస్తే తీసుకో.”

మీసాలాయన డిపోలో అందరికంటే పాత డ్రైవరు. టీ తాగుతున్నాడు, చుట్టూ మిగతా డ్రైవర్లు. ఆమె మాట పూర్తికాకముందే గ్లాసు కింద పెట్టి తన కుడి చెంప తిప్పి చూపించాడు. ఎండిన తోలు చెప్పులా ఉంది.

“చూశావా? సగం జీవితం నీ సీట్లోనే మాడాను. అప్పుడు నాకెవడూ గొడుగు పట్టలేదు. నీడ ఊరికే రాలేదు నాకు.”

“మీ చెంప కాలింది కాబట్టి నాదీ కాలాలా?”

“కాలాలి. కాలితేనే తెలుస్తుంది.”

“పోనీ, అందరం వంతులేసుకుందాం. నీడా అందరికీ, ఎండా అందరికీ.”

మీసాలాయన నవ్వాడు. నవ్వితే నవ్వాడు, ఆయన పోగొట్టుకునేది ఉంది. నవ్వాల్సిన అవసరం లేనివాళ్లు అంతకంటే గట్టిగా నవ్వారు. మీసాలాయన దిగిపోయాక నీడ రూటు తనదేనని ఒక్కొక్కడూ మనసులో ఖాయం చేసుకున్నవాడే. ఎప్పుడో దొరకబోయే నీడ కోసం ఇవాళ పక్కమనిషిని ఎండలో తోసేవాళ్లతో ఈ లోకం నిండిపోయింది కాబట్టే ఇన్‌ఛార్జిలు ఫ్యాను కింద నిశ్చింతగా కూర్చోగలుగుతున్నారు.

“వంతులంట! మొహం తెల్లబడితే సినిమాల్లో వేస్తారా?” అన్నాడు బుల్లోడు. అందరికంటే చిన్న డ్రైవరతను, నోరు మాత్రం అందరికంటే పెద్దది.

మర్నాడు పొద్దున నీడ రూటు బస్సు జనంతో నిండి ఉంది. తాళం బస్సుకే ఉంది. మీసాలాయన టీ దగ్గర ఉన్నాడు. ఆమె ఎక్కి కూర్చుని ఇంజను వేసింది.

“అమ్మా, ఇది మీ బస్సు కాదు!” అన్నాడు కండక్టరు.

“నీది కూడా కాదు. టికెట్లు కొట్టు.”

బస్సు గేటు దాటుతుంటే అద్దంలో మీసాలాయన పరుగు కనపడింది. ఎండ ఎడమవైపు నుంచి ప్రయాణికుల మీద పడుతోంది. కుడి కిటికీలోంచి గాలి మాత్రమే వచ్చింది. చెంప మీద చెయ్యి వేసి చూసుకుంది. చల్లగా ఉంది. ఇన్నాళ్లూ ఈ డిపోలో ఒక మనిషి రోజూ ఇలా నడిపాడన్నమాట! ఆమెకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది.

సాయంత్రం గేటులోనే ఇన్‌ఛార్జి ఎదురొచ్చాడు. చెప్పాపెట్టకుండా బస్సు తీసుకెళ్లినందుకు వారం రోజులు పని లేదు, జీతం లేదు. డ్రైవర్లు దొరకని కాలం కాబట్టి అంతటితో సరిపెట్టాడు. మీసాలాయన ఆ రోజంతా ఎండ రూటు నడిపి వచ్చి, కుడి చెంప మీద తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి నేల మీద ఉమ్మేశాడు.

ఆ వారం ఆమె ఇంట్లో ఉంది. క్రీము రాసుకుంది, కిటికీ మూసుకుంది, పత్రికల వాళ్లు చెప్పినట్టే గడప దాటలేదు. మచ్చ మెత్తబడింది. జీతం కోత పడితే తప్ప పాటించలేని సలహాలు అవి, పాటిస్తే మాత్రం పనిచేస్తాయి.

డిపోలో ఏం జరుగుతోందో కండక్టరు ఫోను చేసి చెప్పాడు.

“మీ రూటు ప్రతివాడూ రెండో రోజు నడపనంటున్నాడమ్మా. మొదటి రోజు బుల్లోడు వెళ్లాడు. రాత్రంతా మొహం మండిందని పెద్ద గోల. ఇంక ఇన్‌ఛార్జి సారు రోజుకొకడికి అప్పజెబుతున్నారు.”

“రోజుకొకడికా?”

“అవునమ్మా. వంతులే.”

ఆమె ఫోను పెట్టేసింది. అత్తగారు, “ఏమైందే?” అంటే, “ఎండకు వంతులేసుకున్నారత్తా, నేను లేనప్పుడు” అంది.

వారం గడిచి డిపోకు వెళ్లేసరికి ఇన్‌ఛార్జి ఎండ రూటు తాళం ముందుకు తోశాడు. డ్రైవర్లందరూ అక్కడే ఉన్నారు. ఆమె తాళం ముట్టుకోలేదు.

“ఇవాళ ఎవరి వంతు సార్?”

“వంతేంటి? నువ్వొచ్చావుగా.”

“నిన్నటిదాకా ఉన్న వంతు ఇవాళ ఏమైంది? మగవాళ్ల చెంపలకొక లెక్క, నా చెంపకొక లెక్కా? ఆ వరసలో నన్నూ చేర్చండి. నా రోజున కిక్కురుమనకుండా నడుపుతాను. మిగతా రోజుల్లో నడపను.”

“నడపకపోతే ఇంటికి పో.”

“పోతాను. అప్పుడు కూడా వంతులే వేసుకోవాలి మీరు.”

బయట ఉత్తరం వెళ్లే జనం బస్సు రేకుల మీద దబదబా బాదుతున్నారు. డ్రైవర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పటికి ఒక్కొక్కడి చెంపకూ ఒక్కో రోజు ఎండ తెలిసింది.

“నిన్న నేను నడిపాను. ఇవాళ నాకు చెప్పకండి” అన్నాడు ఒకడు.

“మొన్న నేను.”

“అయితే ఇవాళ మళ్లీ బుల్లోడిదే” అంది ఆమె.

బుల్లోడు ఇన్‌ఛార్జి వైపు చూశాడు. ఇన్‌ఛార్జి ఫ్యాను వైపు చూశాడు. బుల్లోడు తాళం లాక్కుని, ఆమెకు మాత్రమే వినపడేలా ఒక బూతు మాట అని వెళ్లిపోయాడు.

“ఈ రూటొకటే,” అన్నాడు మీసాలాయన వేలు చూపిస్తూ. “నా రూటు జోలికొచ్చావో, చూసుకో!”

“దానికీ వస్తాను. ఇవాళ కాదు.”

ఎండ రూటు ఇప్పుడు వారానికొక్కసారి ఆమె వంతుకొస్తుంది. ఆ రోజు క్రీము పట్టించుకుని, కళ్లు కడుక్కోవడానికి సీసాతో నీళ్లు పెట్టుకుని, ఎవడేం కూసినా బస్సు ఆపి కడుక్కుంటుంది. ఆమెకు దారి ఇచ్చినవాడెవడూ ఇష్టపడి ఇవ్వలేదు. డిపోలో ఎవరూ ఆమెతో మాట్లాడరు. టీ దగ్గరికి ఆమె వస్తే బల్ల మీదినుంచి లేచిపోతారు. బల్ల ఖాళీ అవుతుంది, ఆమె కూర్చుని టీ తాగుతుంది.