ఎర్రరాయి అంటించిన కార్డు

లక్క మెత్తబడే వేళకు హుస్సేనీ ఆలంలోని ఆ గల్లీకి కళ్ళు మూతలు పడతాయి. మధ్యాహ్నం నమాజు అయిపోయి ఉంటుంది. ఆటోలకు కూడా హారన్ కొట్టడానికి బద్ధకం. సుగ్రా ఇంటి వరండాలో ఆరేడుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని, పసిపిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, గాజులకు రాళ్ళు అద్దుతుంటారు. కుంపటి మీది లక్క నుంచి తియ్యటి, కాస్త మాడిన వాసన లేస్తుంది. ఆ వాసనకు పిల్లలు నిద్రపోతారు. తల్లులు సగం నిద్రలో ఉంటారు. వేళ్ళు మాత్రం మేలుకుని పనిచేస్తుంటాయి.

సుగ్రాకు యాభై రెండేళ్ళు. పుట్టింది ఈ గల్లీలోనే, మెట్టింది మూడిళ్ళ అవతల. భర్త బాబూమియా ఆటో నడుపుతాడు. నలుగురిని కన్నది, ముగ్గురు మిగిలారు. రెండో పిల్ల నాజ్నీన్ రెండేళ్ళప్పుడు ఒంటినిండా ఎర్రగా తట్టు లేచి, కళ్ళు అంటుకుపోయి, ఆ తర్వాత ఊపిరి గురగురమని, తల్లి ఒళ్ళోనే పోయింది. అల్లా ఇచ్చాడు, అల్లా తీసుకున్నాడు అన్నారు అందరూ. చాలా ఏళ్ళకు బస్తీ దవాఖానలో నర్సు సులోచన మాటల మధ్య అన్నది: "గా తట్టుకు సూది అప్పుడు గూడ ఉండె సుగ్రాబీ."

ఆ రోజు సుగ్రా కుంపటి వెలిగించలేదు. అల్లా తీసుకున్నాడన్నది సరే. సూది ఉందని చెప్పడానికి ఈ గల్లీదాకా మనిషి ఒక్కరూ ఎందుకు రాలేదో ఆమెకు అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాదు.

అప్పటినుంచి తల్లుల్ని దవాఖానకు ఆమే తరిమేది. టీకా కార్డులు కూడా ఆమె దగ్గరే ఉంటాయి. అద్దె గదులు, కురిసే కప్పులు, ఎలుకలు. కార్డు పోగొట్టుకుని వెళితే దవాఖానలో తిట్లు. అందుకని ఒక పాత బిస్కెట్ డబ్బాలో ముప్పై నలభై కార్డులు దాచింది. చదువు రాదు కదా, కార్డు మీదేముందో ఎలా తెలియాలి? తనకొచ్చిన పనే చేసింది. వేడి లక్క చుక్క పెట్టి గాజుల రాయి అంటించింది. పుట్టగానే వేసే సూదికి తెల్లరాయి. నెలన్నర నుంచి మూడుసార్లు వేసేవాటికి మూడు పచ్చరాళ్ళు. తొమ్మిదో నెలలో తట్టుకు వేసేదానికి ఎర్రరాయి.

ఇది తల్లులకు ఎంత నచ్చిందంటే, సూదంటే వణికేవాళ్ళు కూడా రాయి కోసం వచ్చేవారు. "మా వానికి ఎర్రరాయి పడ్డది" అని చెప్పుకునేవారు, పిల్లవాడికి నగ చేయించినట్టు.

"మీ గల్లీ కార్డులు పెండ్లి పత్రికల లెక్కున్నయ్ గదా!" అని సులోచన నవ్వేది.

ఈ ఏడాది రంజాన్ నెల మొదలవడానికి ఇంకో వారం ఉందనగా గాజుల ఆర్డర్లు మీద పడ్డాయి. అప్పుడే వెనక గల్లీలో హమ్మాద్ అనే రెండేళ్ళ పిల్లవాడికి తట్టు లేచింది. మూడో రోజు ఊపిరాడక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆ కబురు మోసుకొచ్చింది ఎల్లమ్మ. పక్కింట్లో ఉంటుంది, పొద్దున పూలమ్ముతుంది, మధ్యాహ్నం సుగ్రా వరండాలో చేరుతుంది.

"అమ్మవారు పోసిందమ్మా గా పోరనికి. ఏపాకు మంచం కింద ఎయ్యమంటే ఇన్నరా? దవాఖాన్లకు ఎత్కపోయిన్రు."

"ఏపాకేస్తే ఊపిరొస్తదా ఎల్లమ్మక్కా?" అన్నది సుగ్రా తలెత్తకుండానే.

"నీకేం తెల్సు, నువ్వు డాక్టరమ్మవు గదా."

"నేను కాకపోతే నువ్వా? నీ మనవనికి నేనే చెప్పి పంపిన."

"పంపినవులే తల్లీ. ఎర్రరాయి పడ్డదని మా కోడలు స్రవంతి గల్లంత దండోరేసింది."

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ తమ పిల్లల కార్డు చూపించమన్నారు. సుగ్రా డబ్బా తెరిచింది. మసక వెలుతురులో రాళ్ళు మిణుకుమన్నాయి. చూసుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ గాజుల్లో పడ్డారు.

ఒక్క ఉమ్మే హానీ చేతిలోని గాజు మాత్రం జారి చాప మీద దొర్లింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. మలక్‌పేట నుంచి కోడలిగా వచ్చి సుగ్రా వాళ్ళ మేడమీది గదిలో ఉంటోంది. ఒళ్ళో ఉజైర్, పదకొండో నెల.

"నీకేం ఫికర్ బేటీ? ఉజైర్‌కు పడ్డది గదా" అన్నది సుగ్రా.

ఉమ్మే హానీ తలూపింది. ఆ తర్వాత ఒక్క రాయి కూడా తిన్నగా అద్దలేకపోయింది. ఆడవాళ్ళందరూ లేచి ఇళ్ళకు వెళ్ళేదాకా కూర్చుంది. వెళ్ళాక, బిడ్డను గుండెకు పొదువుకుని, గోడవైపు చూస్తూ అన్నది.

"ఖాలా, గా రాయి ఝూట్."

"ఏందే?"

"ఉజైర్‌కు సూది పడలే."

ముక్కలు ముక్కలుగా చెప్పింది. సూదులు వేసే ఆ బుధవారం సులోచన సెలవులో ఉంది. ఆమె బదులు వచ్చిన మనిషి బెంచీ మీద ఇద్దరే పిల్లలున్నారని చూసింది. సీసా తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, ఇద్దరి కోసం తెరిస్తే మిగతాది పారబోయాలి, వచ్చే వారం రండి అన్నది.

"నాకు సంతోషమైంది ఖాలా. ఒట్టు, మస్తు సంతోషమైంది. తెల్లారి మా అన్న షాదీ మలక్‌పేటల. జ్వరమొచ్చిన పిల్లగాన్ని చంకనేసుకుని పోతే మా అత్త ఏమంటదో నీకు తెల్వదు. తర్వాత పోదామనుకున్న. ఇంతల ఆదివారం ఇంటికొచ్చి నోట్ల చుక్కలేసిన్రు, ఏలికి సిరా గూడ పెట్టిన్రు. గదీ సూదీ ఒకటే కావచ్చనుకున్న. నువ్వు అప్పటికే రాయి అంటించి ఇచ్చినవ్. అందరు మాషాల్లా అన్నరు. రోజూ సూసి సూసి, పడ్డదేమో, నేనే మర్చిపోయిననేమో అనిపించింది."

సుగ్రా కోప్పడలేదు. ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. నువ్వు అప్పటికే అంటించి ఇచ్చినవ్.

నిజమే. తల్లులు దవాఖాన నుంచి తిరిగొచ్చే వేళకు ఆమె చేతులు ఆర్డర్లలో మునిగి ఉంటాయి. అందుకని పొద్దున కుంపటి రాజుకోగానే రాయి అంటించి, కార్డు చేతికిచ్చి "పో" అనేది. తాను పంపిందంటే సూది పడ్డట్టే అనుకుంది. చేరినవాళ్ళను ఉత్తచేతులతో తిప్పి పంపే దవాఖాన ఉంటుందని ఆమె ఊహకు రాలేదు.

"బెంచీ మీద ఇంకో పిల్లగాడు ఎవరు?"

"స్రవంతి కొడుకు."

దండోరా వేసిన స్రవంతి. అంటే ఎల్లమ్మ మనవడి రాయి కూడా అబద్ధమే. ఇంకెన్ని? సుగ్రా డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నలభై కార్డులూ ఒక్కసారిగా బరువెక్కాయి. చెబితే, ఇన్నేళ్ళుగా గడప గడప తిరిగి కూడగట్టుకున్న నమ్మకం పోతుంది. రాయి అబద్ధమైతే సూదీ అబద్ధమే అంటారు, ఇక ఒక్కరూ కదలరు. చెప్పకపోతే, వెనక గల్లీకీ ఈ గల్లీకీ మధ్య ఉన్నది ఒక్క గోడ.

గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే కళ్ళు మూసింది. కుంపటి పక్కన రెండేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. నాజ్నీన్. ఒంటి మీద మచ్చ లేదు. రాళ్ళ పళ్ళెంలోంచి ఎర్రవి ఏరుకుని ఒక్కొక్కటే తన చేతికి పెట్టుకుంటోంది. లక్క లేకుండానే అంటుకుంటున్నాయి. మణికట్టు దాటి, మోచెయ్యి దాటి, మెడ దాటి పాకుతున్నాయి. అమ్మీ, ఎంత బాగున్నాయో చూడు అంటోంది. సుగ్రా వాటిని వలిచేద్దామని చెయ్యి చాపితే చెయ్యి కదలలేదు. లేచేసరికి వరండాలో ఎండ పూర్తిగా పోలేదు. అరగంట కూడా పట్టలేదు ఆ కునుకు.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్ళందరినీ పిలిచి, డబ్బా చాప మీద బోర్లించి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఉమ్మే హానీ పేరు చెప్పలేదు. తప్పు తనదన్నది. సూది పడకముందే రాయి అంటించానన్నది.

ఎల్లమ్మే మొదలుపెట్టింది. "వారెవ్వా డాక్టరమ్మా! గాజులకు రాళ్ళంటించుకుంట మా పిల్లల పానాలకు గూడ అంటించినవా?"

"అంటించిన. తిట్టు, ఊకె తిట్టు. తిట్టుకుంటనే చెప్పు, మీ స్రవంతి సూది ఏయించుకొచ్చిందా, ఉత్తగ దవాఖానకు పోయొచ్చిందా?"

ఎల్లమ్మ కోడలివైపు తిరిగింది. స్రవంతి కొంగు కొస నములుతోంది.

"అరే, నోరు తెరువే!"

"పోయొచ్చిన అత్తమ్మా" అన్నది స్రవంతి.

లొల్లి లొల్లి అయింది. ఒకామె తన కార్డు లాక్కుని లేచి వెళ్ళిపోయింది. గడపలో నిలబడిన బాబూమియా ఇక ఆగలేక, "నాకు గూడ లైసెన్సు మీద ఒక రాయంటించు బేగం, పోలీసోడు ఆపకుండ" అన్నాడు. ఆ ఒక్క మాటతో గొంతులు కాస్త దిగాయి.

"ఎవరినీ తిట్ట. ఎర్రరాయి ఉండి సూది పడనోళ్ళు చెప్పుండ్రి" అన్నది సుగ్రా.

అప్పుడు ఉమ్మే హానీ చెయ్యెత్తింది. పక్కన స్రవంతిది లేచింది. ఆ తర్వాత ఇంకో మూడు. ఒకామెను ఇదే మాట చెప్పి తిప్పి పంపారు, సీసా తెరవలేమని. ఒకామెకు పిల్లకు జ్వరమొస్తే రెండు రోజులు గాజుల పని ఆగుతుంది. ఇంకొకామె భర్త ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూసి, ఈ సూది వేస్తే పిల్ల పెద్దయ్యాక పిల్లలు పుట్టరని వద్దన్నాడు. ఐదుగురు తల్లులు. రిజిస్టర్లలో ఇలాంటి వాళ్ళందరికీ ఒకే మాట రాస్తారు, నిరాకరించారు అని. పాతబస్తీ ఆడవాళ్ళకు తెలివి లేదని, మతం అడ్డమని బయట మాట్లాడుకుంటారు. గడప దాకా వెళ్ళిన తల్లిని వెనక్కి తిప్పింది ఎవరో, పసిపిల్ల జ్వరాన్ని కూడా భరించలేని పని ఎవరిదో, ఏ రిజిస్టరూ రాసుకోదు. అబద్ధపు వీడియోకు నిజమైన జవాబు చెప్పే మనిషి ఆ ఇంటికి ఎందుకు వెళ్ళలేదో అసలే రాసుకోదు.

సుగ్రా ఆ ఐదు కార్డుల మీది ఎర్రరాళ్ళను గోటితో పెకిలించింది. లక్కతోపాటు కాగితమూ ఊడివచ్చింది.

బాబూమియా ఆటోలో ఐదుగురు పిల్లలు, ఐదుగురు తల్లులు. సుగ్రా ముందు సీట్లో భర్త పక్కన ఇరుక్కుంది. ఎల్లమ్మ నడిచే వచ్చింది, వాళ్ళకంటే ముందే చేరింది. దవాఖానలో సులోచన వాళ్ళను చూసి లేచి నిలబడింది.

"ఇయ్యాల బుధవారం గాదు గదా సుగ్రాబీ."

"బుధవారమని తట్టుకు తెలుస్తదా సిస్టరమ్మా? ఐదుగురున్నరు. సాలకపోతే చెప్పు, గల్లీలకెళ్ళి ఇంకిద్దర్ని ఎత్కొస్త. సీసా తెరువు."

ఏం జరిగిందో సులోచన నిలబడే విన్నది. "ఒక్క పిల్లగాడొచ్చినా తెరవాలె. తిప్పి పంపుడు తప్పు. నేను లేనప్పుడైనా తప్పు మాదే" అన్నది. ఫోన్లో పెద్ద డాక్టరుతో మాట్లాడింది. ఫ్రిజ్ తెరిచింది.

సీసా చిన్నది, చిటికెన వేలంత. ఇంత దానికోసమా అన్నట్టు ఎల్లమ్మ వంగి చూసింది. వీడియో చూసిన మనిషి భార్య తన పిల్లను రెండు చేతులా బిగించి పట్టుకుంది. "పెద్దగైనంక పిల్లలు పుడ్తరా మేడం?" అని అడిగేసింది. సులోచన నవ్వలేదు. "నాకు చిన్నప్పుడు గిట్లాంటి సూదులన్ని పడ్డయ్. ఇద్దరు పిల్లలు. నా బిడ్డకు నేనే ఏసిన, దానికిప్పుడు కడుపు, ఐదో నెల. మీ ఆయన్ని తోల్కరా, ఆయనకు గూడ చెప్త" అన్నది. ఆ తల్లి చేతులు వదులయ్యాయి.

ఉజైర్ వంతు వచ్చినప్పుడు ఉమ్మే హానీ కళ్ళు మూసుకోలేదు. సూది లోపలికి వెళ్ళడం, బయటికి రావడం చూసింది. సులోచన కార్డు మీద చిరిగిన చోటు పక్కనే పెన్నుతో తారీఖు రాసింది.

"జ్వరమొస్తదా సిస్టరమ్మా?"

"రావచ్చు. వారం పదిరోజులకు జర ఒళ్ళు ఎచ్చబడ్తది, చిన్న చిన్న మచ్చలు గూడ రావచ్చు. పాలు ఆపకు. సూది కాడ సున్నం పసుపు గిట్ల పుయ్యొద్దు. జ్వరం మందు ఇస్త, ఒళ్ళు కాలితే పట్టు."

"వెనక గల్లీ గాలి ఇప్పటికే సోకి ఉంటే?"

సులోచన అబద్ధం చెప్పలేదు. "అప్పుడు ఎంత ఆపుతదో నేను చెప్పలేను తల్లీ. జల్ది వచ్చిన్రు. ఆశ ఉంది. ఊపిరి ఎగపోస్తే మాత్రం బుధవారం కోసం చూడకు, ఉరికిరా."

ఆ తర్వాతి రోజులన్నీ నీళ్ళలో నడిచినట్టు నడిచాయి. రంజాన్ నెల మొదలైంది. ఉపవాసపు మధ్యాహ్నాల్లో మగత ఇంకా చిక్కనైంది. ఉమ్మే హానీ పది రాళ్ళకోసారి బిడ్డ మెడ కింద చెయ్యి పెట్టి చూసేది. సుగ్రా ఇప్పుడు తల్లి తిరిగొచ్చాకే, పెన్ను గీత చూశాకే లక్క వేడి చేస్తోంది. కార్డు లాక్కుపోయినామె ఇంకా రాలేదు. సుగ్రా ఆ గడపకు రెండుసార్లు వెళ్ళింది, మూడోసారీ వెళుతుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఉజైర్ ఒళ్ళు కాలింది. ఉమ్మే హానీ మెట్లు దిగలేదు, జారింది. బిడ్డను ముందుకు చాపింది. సుగ్రా లక్క కుంపటిలో నీళ్ళు గుమ్మరించింది. పండుగ ఆర్డర్ సగంలో ఉంది. ఉంటే ఉండనీ. పిల్లవాడిని ఒళ్ళోకి తీసుకుని అంగీ విప్పింది. ఛాతీ మీద లేత మచ్చలు నాలుగైదు. ఆ మచ్చల్ని చూస్తుంటే ఇరవై ఏడేళ్ళు ఎటో పోయాయి. ఒళ్ళో ఉన్నది ఎవరో కాసేపు ఆమెకు తెలియలేదు. చెవి ఆ చిన్న రొమ్ముకు ఆనించి వినడం మొదలుపెట్టింది.

ఊపిరి గురగురమనలేదు. లోపలికి, బయటికి. మెత్తగా, గాలికి పల్చటి పరదా కదిలినట్టు.

మందు పట్టారు. తడిగుడ్డ వేశారు. ఆడవాళ్ళు గాజులు పక్కన పెట్టి చుట్టూ కూర్చున్నారు. ఎల్లమ్మ బయటికి వెళ్ళి సులోచనను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆమె చూసి, కళ్ళు చూసి, నోరు తెరిపించి చూసి, "సూది జ్వరమే. తగ్గుతది" అన్నది. అయినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం అసర్ అజాన్ వినిపించే వేళకు పిల్లవాడి నుదుట చెమట పోసింది. సుగ్రా కొంగుతో తుడిచింది. మళ్ళీ పోసింది. మళ్ళీ తుడిచింది. ఉజైర్ కళ్ళు తెరిచి, తన తల్లి కాని ఆ ముఖాన్ని తేరిపార చూసి, ఏడవబోయి, మానుకుని, ఆమె వేలు నోట్లో పెట్టుకున్నాడు. గోడకు ఆనుకుని ఉమ్మే హానీ నిద్రపోయింది. పది రోజులుగా కంటి మీద కునుకు లేని పిల్ల. లేపబోయిన స్రవంతిని సుగ్రా కళ్ళతోనే వారించింది.