తలమీద కాళ్ళ ఈగలు, కరెంటు అంకుల్

పీహెచ్‌డీ చేసే ఆ రోజుల్లో ప్రపంచమంతా నా పరిశోధన కోసమే ఎదురుచూస్తోందని నాకు గట్టి నమ్మకం. ప్రపంచం సంగతేమో గానీ, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఓనరు ఆంటీ మాత్రం నిజంగానే ఎదురుచూసేది. గుంటూరు నుంచి వచ్చి ఆవిడ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్న రోజే, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. మన ఒంట్లో జీన్లకు స్విచ్చుల్లాంటివి ఉంటాయనీ, అవి ఎప్పుడు వెలుగుతాయో ఎప్పుడు ఆరుతాయో కనిపెట్టడమే నా పని అనీ చెప్పాను. (అక్కడితో ఆగాల్సింది. ఆ వయసులో నోరు ఆగితేగా!) ఆవిడ కాసేపు ఆలోచించి, "అట్లయితే మా ఆయన గురక బంద్ చెయ్యరాదు?" అంది. "చూస్తాను ఆంటీ" అనేశాను.

ఆ గురక తాలూకు అంకుల్ లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎక్కడైనా స్విచ్చు వేసి ఉంటే ఆయన చెయ్యి ఊరుకోదు. నేను స్నానం చేస్తుండగానే లైటు ఆరిపోయేది. "అంకుల్, లోపల నేనున్నా!" అని అరిస్తే, "కిటికీల కెల్లి వెలుతురు ఒస్తలేదా?" అని బయటినుంచి జవాబు.

ఇక నా ఈగలు. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలే, కాకపోతే వాటిలో ఒక జీన్‌కి వేడికి వెలిగే స్విచ్చు ఉంది. పిల్లపురుగులుగా ఉన్నప్పుడు వేడి తగిలిస్తే, పెద్దయ్యాక వాటికి తలమీద మీసాల బదులు కాళ్ళు మొలవాలి. లాబ్‌లో వేడిపెట్టెలో ఎన్నిసార్లు పెట్టినా ఒక్క కాలూ మొలవలేదు. "ఈ వేసవి అయ్యేలోగా కాళ్ళు రాకపోతే ఇంకో టాపిక్ చూసుకోమ్మా" అన్నారు గైడుగారు. అంటే మూడేళ్ళ చదువు బూడిదలో పోసినట్టే.

సరిగ్గా అప్పుడే, మే నెలలో, లాబ్ ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. వేడి పెట్టే రోజు దాకా పిల్లపురుగుల్ని చల్లగా ఉంచాలి. సీసాలు సంచిలో వేసుకుని మెట్రో ఎక్కబోతే, సంచి తనిఖీ చేసే ఆమె "ఏందివి?" అంది. "ఈగలు" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, "మా ఇంట్ల చానా ఉన్నయ్, అడుగుతే నేనే ఇద్దును గదా" అని పంపేసింది.

మా ఇంట్లో ఏసీ ఉన్నది ఆంటీ వాళ్ళ పడగ్గదిలోనే. గురక మాట మరోసారి గుర్తుచేసి ఆవిడ ఒప్పుకుంది. సీసాలు అక్కడ పెట్టి బజారుకు వెళ్ళి సాయంత్రం వచ్చేసరికి ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. గది కుంపటిలా ఉంది. నేను గడపలోనే కూలబడి భోరుమన్నాను.

"మనిషి లేని గదిల ఏసీ ఏంది? నేనే ఫ్యాన్ బంద్ చేస్కొని పంట, ఈగలకు ఏసీనా?" అన్నారు అంకుల్.

"పాపం, పొల్ల కష్టమంత మట్టిల కలిపినవ్! ఇంకోసారి ఆ స్విచ్చు ముట్టినవా, నీకు బువ్వ బంద్!" అంది ఆంటీ.

లాబ్‌లో కరెంటొచ్చిందని తెలిసి, చచ్చినవి పోగా మిగిలిన పురుగుల్ని ఏడుస్తూనే అక్కడికి మోసుకెళ్ళాను. కొన్నాళ్ళకు ఈగలు బయటికొచ్చాయి. మైక్రోస్కోపులో చూద్దును కదా, తలమీద కాళ్ళు! చక్కగా, జంటగా, మీసాలుండాల్సిన చోట! గైడుగారు చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఎక్కడ వేడి చేశావ్?" "దిల్‌సుఖ్‌నగర్‌లో సార్." (మా వేడిపెట్టె పైన అంకె ఒకటి చూపిస్తూ లోపల చల్లగా కూర్చుంటోందని తర్వాత తేలింది.) "మళ్ళీ చేసి చూపిస్తేనే నమ్ముతా" అన్నారాయన.

అలా ఒక మధ్యాహ్నం మా గైడుగారు థర్మామీటరు పట్టుకుని ఆంటీ సోఫాలో కూర్చుని చాయ్ తాగుతున్నారు. నేనేమో పడగ్గదిలో ఏసీ కింద కొత్త సీసాలు పెట్టి, అంకుల్‌ని బతిమాలుతున్నాను. "అంకుల్, ప్లీజ్, ఏసీ ఆపెయ్యండి."

"నన్ను పరీక్షిస్తున్నవా? పానం పోయినా ముట్ట. నువ్వు కూడ ముట్టొద్దు." స్విచ్చుబోర్డు ముందు కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు. చెప్పగా చెప్పగా నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. గైడుగారు గడియారం చూసుకుంటున్నారు. అప్పుడు ఆంటీ నా చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చి, భర్తకు వినపడేలా అంది: "గా ఏసీ పొద్దుమూకే దాంక నడవనియ్యి, ఏం గాదు. బిల్లెంతన్న రానీ."

గదిలో కుర్చీ కిర్రుమంది. ఒక దగ్గు. ఆ తర్వాత టక్. ఏసీ ఆగిపోయింది.

ఆ టక్‌తోనే నాకు డాక్టరేట్ వచ్చిందంటే అబద్ధం కాదు. థీసిస్‌లో అంకుల్‌కి కృతజ్ఞతలు రాశాను. ఆయన ఆ పేజీ చూసి మురిసిపోయి, నేను ఇంకా చదివి వినిపిస్తుండగానే లైటు ఆపి వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళకి మొన్న ఆంటీ ఫోన్ చేసింది. గురక సంగతి అడుగుతుందేమోనని భయపడుతూనే ఎత్తాను. అంకుల్ నల్గొండ దగ్గర తమ్ముడి ఇంటికి వెళ్ళారట. "ఇంట్ల సప్పుడు లేక నిద్ర పడ్తలేదు బిడ్డా. ఆ గురక బంద్ చెయ్యకు. ఉండనీ" అంది. "సరే ఆంటీ, ఆపను" అన్నాను, ఇన్నాళ్ళూ ఆపగలిగినదానిలా. నవ్వుకుంటూ ఫోన్ పెట్టేసి, లైటు ఆపి, నా లాబ్ తలుపు వేశాను.

"మేడమ్, లోపల నేనున్నా!" అని చీకట్లోంచి మా స్టూడెంట్ అరిచింది.