నాగరత్న మేడమ్ విత్తిన చేను

మొన్న ఇంటర్వ్యూ గది ముందు నడుస్తుంటే తలనొప్పి బామ్ వాసన గుప్పున తగిలింది. బెంచీ మీద కూర్చున్న ఒక తల్లి సీసా మూత తీసి రెండు కణతలకూ గట్టిగా రుద్దుకుంటోంది. పక్కనే కూతురు, ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు. మా విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చేరబోయే పిల్లల్లో ప్రతిభ ఉన్నవాళ్ళకు స్కాలర్‌షిప్పులు ఇచ్చే ఎంపిక ఆ రోజు జరుగుతోంది. ఎంపిక చేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాక కూడా ఆ ఘాటు నన్ను వదల్లేదు. నా వరకు అది మందు వాసన కాదు, నాగరత్న మేడమ్ వాసన.

మేడమ్ బత్తలపల్లె జూనియర్ కాలేజీలో మాకు లెక్కలు చెప్పేది. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యాక పట్టుబట్టి చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. రోజూ బస్సులో వచ్చేది. గురువుల గురించి రాసేటప్పుడు అందరూ వాళ్ళు నూరిపోసిన ధైర్యం గురించి రాస్తారు. నేను ఆ అబద్ధం రాయలేను. మా మేడమ్ పరమ భయస్తురాలు. ఎనిమిది గంటల బస్సుకు ఏడింటికే స్టాండులో నిలబడేది. పరీక్ష రాసేది మేమైతే తలనొప్పి ఆమెకు వచ్చేది. హాలు గుమ్మం దగ్గర చేతినిండా పెన్నులు పట్టుకుని నిలబడి, రాసే పెన్ను మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారని ఒక్కొక్కరినీ అడిగేది. ఆమె అడిగేవరకు మాకు ఆ భయం ఉండేది కాదు. ఆమె బామ్ వాసన కారిడార్‌లోకి వస్తే చాలు, ఏదో కొంప మునగబోతోందని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆ స్కాలర్‌షిప్పు సంగతి కనిపెట్టింది ఆమే. బెంగళూరులో ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చిన పిల్లల్ని పిలిచి మాట్లాడి, నచ్చిన కొందరికి ఫీజు, హాస్టలు, భోజనం అన్నీ తానే భరించి చదివిస్తుందట. వరసగా వానలు లేక మా ఇల్లు అప్పటికే చితికిపోయి ఉంది. నాయన నాతో దాపరికం లేకుండా చెప్పాడు, అది వస్తే పొమ్మని, రాకపోతే చదువు ఇంతటితో చాలించి చేనికి రమ్మని. ఆ మాటలో కోపం లేదు, వేరే దారీ లేదు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. మేడమ్‌కు నిద్ర పట్టలేదని ఆమే చెప్పింది. ఆదాయం సర్టిఫికెట్ కోసం మండలాఫీసులో నా పక్కనే పొద్దంతా నిలబడింది. ఫొటోలో నా చెవి ఒకటి సరిగా పడలేదని మళ్ళీ తీయించింది. ప్రతి కాగితం జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్ పోతే ఎట్లా అని ఇంకొకటి తీయించి తన దగ్గర పెట్టుకుంది. చివరికి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. నన్ను ఒంటరిగా పంపే ప్రసక్తే లేదని, తానే వచ్చి తీసుకుపోతానని చెప్పింది.

ఇంటర్వ్యూ ముందు రోజు సాయంత్రం వాన పడింది. మా వైపు వాన అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. విత్తే అదను దాటిపోతుందేమోనని మొగం వాచి ఆకాశం చూసే చోట, నేల పదునయ్యే వాన ఒకటి పడితే మిగతా లోకమంతా ఆగిపోతుంది. మట్టిలో తేమ రెండు మూడు రోజులకు మించి నిలవదు, ఆలోగా వేరుశనగ గింజ భూమిలో పడాలి. పెళ్ళిచూపులు ఆగుతాయి, పంచాయితీలు ఆగుతాయి, బళ్ళో పిల్లలుండరు. ఎందుకు రాలేదని ఎవరూ ఎవరినీ అడగరు. వాన పడిందంటే అదే సంజాయిషీ. కాబట్టి మా నాయన, ఎంతో లోకజ్ఞానం ఉన్న మనిషి, బెంగళూరు వాళ్ళు కూడా అట్లాగే అనుకుంటారని మనసారా నమ్మాడు. చేను విత్తేసి రెండు రోజులాగి వస్తామని ఫోను చేస్తే సరిపోతుందన్నాడు. నవ్వుకోకండి, నేనూ సగం నమ్మాను. అమ్మకు విషజ్వరం వచ్చి మోకాళ్ళు వాచిపోయి మంచం దిగలేని స్థితి. నాయన ఎద్దులు తోలితే గొర్రు వెనక నడుస్తూ గింజలు వదిలే మనిషి కావాలి. ఊరంతా ఒకేసారి విత్తుతుంటే కూలికి ఎవరు దొరుకుతారు? ఎద్దులు కూడా మావి కావు, మరునాటికి ఇంకొకరి చేనికి పోవాలి. వానకు కరెంటు పోయి ఫోన్లన్నీ చచ్చిపడి ఉన్నాయి. మేడమ్‌కు చెప్పే వీలు కూడా లేకపోయింది.

తెల్లవారుతుండగా ఆమె ఆటోలో దిగింది. ఇస్త్రీ చీర, చంకలో రెండో జిరాక్సుల సంచి. నేను పాత లంగా ఎగదోపుకుని గింజల బుట్ట ఎత్తుకుంటున్నాను. ఆమె మొగంలో నెత్తురు చుక్క లేదు. నాయన నెమ్మదిగా సంగతంతా చెప్పాడు.

“వానొచ్చింది గదా మేడమ్. వానొస్తే ఎవురైనా ఆగుతారు” అన్నాడు.

“ఆగరన్నా” అంది మేడమ్. “నాకు తెలుసు. నా ఇంటరైనప్పుడు నాకూ ఇట్లే పిలుపొచ్చింది. మగ్గం మీద చీర సగంలో ఉండాది, నేసి కోసినాంక పోదాంలే అన్నాడు మా నాయన. చీర కోసినాంకనే పోయినాం. ఆడ గదికి బీగం వేసినారు.”

ఆ మాట ఆమె మాకు కాలేజీలో ఎన్నడూ చెప్పలేదు. నాయన తల వంచుకున్నాడు. తరువాత ఆయన అడిగింది ఒకటే.

“మరి గింజలు ఎవురు వదల్తారు మేడమ్?”

ఆమె చేను వైపు చూసింది, ఎద్దుల వైపు చూసింది. ఎద్దులంటే ఆమెకు ఎంత భయమో మా క్లాసంతటికీ తెలుసు. బజారులో ఒక కోడె కనిపిస్తే అంగడిలోకి దూరే మనిషి.

“నేను వదల్తా. ఎట్లనో చూపియ్యి” అంది.

నేను బట్టలు మార్చుకునేసరికి ఆమె కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు చెక్కుకుని, చెప్పులు గట్టు మీద వదిలి తడిమట్టిలో నిలబడి ఉంది. కండక్టరు వెనక సీట్లో కూర్చోమంది, ఎవరేమిచ్చినా తినవద్దంది, అనంతపురంలో బస్సు మారేటప్పుడు బోర్డు ఒకసారి చదివి, మళ్ళీ ఒకసారి చదివి, ఆ తరువాత డ్రైవర్‌ని కూడా అడగమంది. తను రాలేకపోతున్నందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నన్ను పొమ్మని చెప్పి, ఆటో కదిలాక మళ్ళీ పిలిచి, ఫైలు పట్టుకున్నానో లేదో చూసుకుంది.

అంత దూరం ఒంటరిగా పోవడం నాకదే మొదలు. దారి పొడవునా తడిసిన నేలలో కాడెద్దులు, గొర్రుల వెనక ఆడవాళ్ళు. అందరూ ఉండవలసిన చోట ఉన్నారు, నేనొక్కదాన్నే దొంగలా పారిపోతున్నాననిపించింది. గింజలు సరిగా పడకపోతే ఏమవుతుంది? ఈ స్కాలర్‌షిప్పు రాకపోతే? రెండూ చెడితే నాయన మొగం ఎట్లా చూడాలి? విశ్వవిద్యాలయం పెద్ద గేటు దగ్గరికి చేరేసరికి నా ఫైలు అట్ట చెమటకు మెత్తబడింది. లోపల ముగ్గురు కూర్చున్నారు. లెక్కలు అడిగితే చెప్పాను. ఆఖరున ఒకాయన, నాతో ఎవరూ రాలేదా అని అడిగాడు. మా లెక్కల మేడమ్ రావలసిందని, ఆమె మా చేను విత్తుతోందని చెప్పాను. ముగ్గురూ మొగాలు చూసుకున్నారు. అట్లా ఎందుకని అడిగితే, వాన, పదును, మా అమ్మ మోకాళ్ళు, ఎద్దులు, అన్నీ ఏకరువు పెట్టాను. బయటికి వచ్చాక నా నోటిని నేనే తిట్టుకున్నాను. చదువు అడిగితే సేద్యం చెప్పిన దాన్ని ఎవరు తీసుకుంటారు?

ఫలితం వెంటనే చెప్పలేదు. ఆ ఎదురుచూపులో మా చేను మొలకెత్తింది. అది చూసి ఊరు ఊరంతా నవ్వింది. గింజలు నేలలో పడకుండా పోతాయేమోనన్న భయంతో మేడమ్ పిడికిళ్ళతో పోసినట్టుంది, మొదటి సాళ్ళలో మొలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గుబురుగా లేచాయి. ఎద్దు తల తిప్పిన చోటల్లా ఆమె ఉలిక్కిపడి ఆగినట్టుంది, అక్కడ మూరెడు మూరెడు ఖాళీలు. చేను చివరకు వచ్చేసరికి గింజలే అయిపోయాయి. తూర్పు గట్టు పక్కన ఒక పట్టీ బీడుగా మిగిలిపోయింది. దారిన పోయేవాళ్ళు ఏమప్పా, చేనుకు లెక్కల మాస్టర్ని పెట్టుకుంటివా అని నాయనను ఆట పట్టించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ బీడు పట్టీలో తరువాతెప్పుడో ఉలవలు చల్లాడు. మేడమ్ మాత్రం సిగ్గుతో మా ఊరి వైపు రావడమే మానేసింది.

స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆ కబురు చెప్పడానికి కాలేజీకి పరిగెత్తితే మేడమ్ కుర్చీలో కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది. మరు నిమిషానికే, మార్కులు తగ్గితే రెండో ఏడాది ఆపేస్తారటగా, ఎట్లా అని మొదలుపెట్టింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ ఏడు వాన మళ్ళీ మొగం చూపలేదు. కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వేరుశనగ నిలువునా ఎండిపోయింది, మాదే కాదు, గీత గీసినట్టు చక్కగా విత్తిన వాళ్ళదీ అంతే. మా ఇంటికి ఆ ఏడాది వచ్చిన పంటంతా ఒక మూట ఉలవలు, నా చదువు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నాయన ఎండిన చేను చూపిస్తూ, “ఆ పొద్దు నిన్ను ఆపింటే నా చేతులారా నేనే నిన్ను ముంచింటి పాపా” అన్నాడు. ఆయన కంట తడి చూడటం నాకదే మొదటిసారి.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు కూడా నేను తిరిగి వెళ్ళే బస్సు సమయమే అడిగింది. ఆమెను తలుచుకుంటే నాకు ధైర్యం రాదు, భయమే వస్తుంది. అయితే అది నా కోసం కాదు. ఎవరో ఒక పిల్ల తలుపు దాకా వచ్చి ఆగిపోతుందేమోనన్న భయం. దాన్ని పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. అది ఆమె నాకిచ్చిన ఆస్తి.

మొన్న సాయంత్రానికి పిలిచినవాళ్ళంతా వచ్చి వెళ్ళారు, కణేకల్ నుంచి రావలసిన ఒక అమ్మాయి తప్ప. సమయం అయిపోయిందని, రాని వాళ్ళను ఏం చేస్తామని తోటివాళ్ళు ఫైళ్ళు సర్దుకున్నారు. ఇంకొంచెం కూర్చోమని వాళ్ళను బతిమాలాను. దరఖాస్తులో ఉన్న నంబరుకు ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎంతకో ఒక సన్నటి గొంతు పలికింది. బస్సు దారిలో చెడిపోయిందట, ఇంకొకటి ఎక్కిందట, ఇప్పుడే ఈ ఊరి శివారుకు చేరిందట, ఇక రావడం దండగేమో మేడమ్ అని ఏడుస్తోంది.

“ఏడ్చొద్దు పాపా, నువ్వు రా” అన్నాను. “బీగం వెయ్యనియ్యను. నువ్వొచ్చేదాకా నేను ఈడనే ఉంటా.”