గాడిదను తిట్టిన పొద్దు

ఈనగానే వచ్చే ముర్రుపాలు తాగకపోతే దూడ రోగాలకు తట్టుకోదని మా అత్తకు తెలుసు. ఎల్లారెడ్డిలో ఆమె బర్రె ఈనితే, దూడ కడుపు నిండేదాకా ఎవరినీ పొదుగు ముట్టనిచ్చేది కాదు. ఎనభైల్లో నా భార్య మొదటి కాన్పుకు పుట్టింటికి పోతే, అదే అత్త మొదటి పాలు చెడ్డవని పిండి పారబోయించడం మొదలుపెట్టింది. నేను బిడ్డను చూడబోయిన పొద్దే, పసిదానికి పట్టడానికి గాడిద పాలాయనను పిలిపించింది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

కట్టె పట్టుకుని ఆ మనిషినీ గాడిదనూ కామారెడ్డి దాకా తరిమాను.

అబద్ధం. వాకిలి కూడా దాటించలేదు. అత్తకు ఎదురుపడి మాట్లాడే ఆచారం మా ఇళ్లలో అల్లుడికి లేదు. అందుకని లోపలికి వినబడేటట్టు గాడిద మీద అరిచాను.

"ఏమే గాడిదా! నీ పిల్లకు ముర్రుపాలు తాగిపిచ్చినవా, పారబోసినవా? నీకున్న తెలివి ఈ ఇంట్ల ఎవ్వలకు లేదా? దూడకు మంచివైన పాలు నా బిడ్డకు విషమైనయా?"

"అల్లుడు గాడిదను తిడుతుండా, నన్ను తిడుతుండా?" లోపల అత్త గొణిగింది.

"నిన్నే అవ్వా," అంది నా భార్య తల్లితో. "బిడ్డను ఇటియ్యి."

కాసేపటికి బిడ్డ ఏడుపు ఆగింది. నా కోపం ఆగలేదు. ఏ పాపమూ ఎరగని ఆ గాడిదను, అది వీధి మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉన్నాను.