బీమా కార్డుతో ఎముకల డాక్టరు కోసం: సైదాబాద్ నుంచి కార్వాన్, తిరిగి మాదన్నపేట

ఇంట్లో ఒకరి చెయ్యి విరిగి, చేతిలో కార్మికుల బీమా కార్డు తప్ప మరో దారి లేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా బాపు ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చే పని. ఆయన బతుకంతా కుడిచేతి వేళ్లలోనే ఉంది. చాదర్‌ఘాట్ దగ్గర బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారిపడి మణికట్టు విరిగినప్పుడు నేరుగా కార్వాన్‌లో ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి పోయి కట్టు కట్టించుకున్నాడు. పోయిన ఏడాది దాకా మేమున్నది కార్వాన్‌లోనే. అక్కడ ఎముక విరిగితే ముందు పహిల్వాన్, ఆ తర్వాతే ఎవరైనా. తొమ్మిదో రోజు కట్టు విప్పి చూసుకోమన్నాడట. ఏం చూడాల్సి వస్తుందోనని బాపు విప్పలేదు. పదకొండో రోజుకు రెండు వేళ్లు వాచి వంగడం మానేశాయి. ఒకటో తారీఖుకు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ప్రెస్సు నుంచి కబురొచ్చింది. బీఏ పాసై ఏడాదిగా గడపకూ గేటుకూ మధ్య తిరుగుతున్న నేను, ఆయన్ని తీసుకొని బయల్దేరాను.

ఆ రోజు గురువారం. పొద్దున ఆరింటికే కత్తెర తీశాను. "నాటు కట్టు చూస్తే డాక్టర్లు మండిపడతారమ్మా, గుమ్మంలోంచే పంపేస్తారు" అని పక్కింటి ఏలూరు మామ్మగారు ముందురోజే చెప్పారు. గుడ్డుసొన, పసుపు కలిసి ఆ బట్ట అట్టలా గట్టిపడింది. కత్తిరిస్తున్నంతసేపూ బాపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. లోపలి పొర మీద నీలం సిరాతో ఉర్దూలో ఏదో రాసి ఉంది. దువా కాబోలు, తాయెత్తులాంటిది అనుకున్నాను. "ఏందో రాసుంది బాపూ" అంటూ పారేయబోతే, ఇటు తిరగకుండానే "ఉండనియ్యి బిడ్డా, రాత ఉన్నదాన్ని పారెయ్యద్దు" అన్నాడు. పేపర్లో చుట్టి సంచిలో వేసుకొని, అమ్మ పాత చీర చింపి చేతిని మెడకు వేలాడగట్టాను.

ఎనిమిదింటికి సైదాబాద్‌లో, ఇప్పటి ఇంటి దగ్గరి బీమా దవాఖానలో ఉన్నాం. గుమాస్తా కార్డు తిప్పి చూశాడు.

"ఇది కార్వాన్ కార్డు గదమ్మా. ఈడ చూడరు."

"ఇల్లు మారినం సార్. మనిషి ఈడనే ఉన్నడు."

"మనిషి ఈడుంటే ఏంది, కాగితం ఆడుంది."

బస్సులో అఫ్జల్‌గంజ్, అక్కడ మారి పురానాపూల్ మీదుగా కార్వాన్. ఇద్దరికీ కలిపి రూపాయి లోపే. చేరేసరికి పావు తక్కువ పది. గంటసేపు వరుసలో నిలబడితే డాక్టరు ఒక్క నిమిషంలో 'ఎముకల సర్జనుకు చూపించాలి' అని చీటీ రాసిచ్చాడు. ఏ సర్జను? కంపౌండర్ నవ్వాడు. "పెద్ద దవాఖానల మూడు వారాలకు నంబరు. ప్రైవేటోళ్లు కార్డు చూస్తే మొఖం తిప్పుకుంటరు. ఫికర్ చెయ్యకు చెల్లె, అడిగి చూడు." అడిగి చూశాం. మొదటిచోట కార్డు చూపించగానే డాక్టరుగారు ఊళ్లో లేరన్నారు. లోపలి గదిలో ఆయన దగ్గుతూనే ఉన్నాడు. రెండోచోట ముందు రొక్కం కట్టి తర్వాత బీమావాళ్లతో తేల్చుకోమన్నారు.

పన్నెండు కావస్తుంటే మూసి ఉన్న దుకాణం మెట్ల మీద కూలబడ్డాం. బాపు పెదవి కొరుక్కుంటున్నాడు. "గా కట్టుబట్ట తియ్యి, చెయ్యి కింద పెట్టుకుంట" అన్నాడు. సంచిలోంచి తీసి, పేపరు విప్పి ఇచ్చాను. ఒళ్లో పరుచుకోబోయి ఆగిపోయాడు. నిజాం కాలంలో ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది.

"ఏం రాసిండు బాపూ?"

"తొమ్మిదో దినం. వేళ్లు వంగకుంటే నా కాడికి రావద్దు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక, పచ్చ గేటు డాక్టర్ కాడికి పో. బేస్తవారం, ఒంటిగంట దాకా. కార్డు నడుస్తది." తలెత్తి నన్ను చూశాడు. "పొద్దుగాల చూడలే?"

"చూసిన. దువా అనుకున్న."

"బీఏ చదివినవ్" అన్నాడు, అంతే.

మాదన్నపేట మార్కెట్ మా ఇంటికి పది నిమిషాల నడక.

ఆటోవాలా మూడు రూపాయలన్నాడు. బేరమాడలేదు. "ఆరామ్ సే జాయేంగే, బాజీ" అన్నాడు తాపీగా. "ఆరామ్ వద్దు భాయ్, ఒంటిగంటకు డాక్టర్ ఎల్లిపోతడు" అన్నాను. "తో కస్ కే పకడో" అని, గట్టిగా పట్టుకోమని సైగ చేసి హుస్సేనీ ఆలం సందుల్లోంచి చార్మినార్ వైపు దూకించాడు. ప్రతి కుదుపుకూ బాపు కళ్లు మూసుకుంటుంటే, పొద్దున నా కత్తెర ఏం చేసిందో తెలిసొచ్చింది. ఆ కట్టే ఉంటే చెయ్యి ఇలా కదిలేది కాదు. యాకుత్‌పురా దగ్గర రైలు గేటు పడింది. నేను దిగి గేటు దాకా పోయి వచ్చాను, మళ్లీ పోయాను. "నువ్వు నడిస్తే రైలు జల్ది పోతదా?" అన్నాడు బాపు.

పచ్చ గేటు తీసేసరికి ఒంటిగంటకు అయిదు నిమిషాలు. డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. "ఇంతకుముందు కట్టు కట్టించారా?" అని అడిగాడు. మామ్మగారి మాట గుర్తొచ్చి, "లేదు సార్" అనేశాను. బాపు ఎడంచేత్తో నా సంచిలోంచి ఆ బట్ట తీసి బల్లమీద పరిచాడు. డాక్టరు చదివి, నావైపు చూడకుండా అన్నాడు: "చీటీ రాసిస్తే పోగొడతారు, కట్టయితే పోగొట్టరని పహిల్వాన్ ఇలా రాస్తాడు. ఇది చేతికుండగా చూస్తేనే నాకు రోజుల లెక్క తెలిసేది. కోసెయ్యాలని ఎవరికి తోచింది?"

"నాకే సార్."

అప్పుడే ఎక్స్‌రే ఫొటో తీయించాడు. ఎముక వంకరగా అతుక్కోవడం మొదలైందన్నాడు. ఇంకో వారం పోతే కోసి సరిచేయాల్సి వచ్చేదట. సూది వేసి, లాగి సరిచేసి, పిండికట్టు వేశాడు. బీమా సెలవు కాగితం మీద సంతకం చేస్తూ, "ఇది ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని పనిలోంచి తీసేయడానికి లేదు" అన్నాడు. బాపు దాన్ని రెండుసార్లు చదివాడు.

ఇప్పటికి మూడు వారాలు. ఉంగరపు వేలు సగం వంగుతోంది, చిటికెన వేలు ఇంకా మొండికేస్తోంది. రెండూ వంగాలి, లేకపోతే అక్షరం జారిపోతుందని బాపు ఫికరు. రోజూ సాయంత్రం ఆయన ఎడంచేత్తో పలక మీద అలిఫ్, బే అని ఉర్దూ అక్షరాలు రాస్తాడు, వాటి మీద నేను దిద్దుతాను. గంటసేపు కదలకుండా కూర్చోవడం నాకు ఈ ఏడాదిలో ఇదే మొదలు. ఆ రోజు ఊరంతా పరుగెత్తించిన చిరునామా నా సంచిలోనే ఉండింది. ఆ బట్టను అమ్మ ఉతికి ఆరేసింది. సిరా చాలావరకు పోయింది. మిగిలిన రెండు మాటలను నిన్న కూడబలుక్కొని చదివాను: పచ్చ గేటు.

మీరు పోయేటట్లయితే గురువారం పన్నెండు లోపే పోండి, ఏ పేటలో ఉన్నా మీ కార్డు ఉన్న దవాఖాన చీటీ ముందుగా తీసుకోండి. పహిల్వాన్ కట్టును మాత్రం ఇంట్లో కోయకండి. ఎలా ఉన్నదాన్ని అలాగే తీసుకుపోయి డాక్టరు ముందు విప్పించండి.